మా మావగారి పేగుకి దిష్టిచుక్క

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే చదివేవాళ్ళకి ఒక అనుమానం తగ్గుతుంది. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి బతికినవాణ్ణి. దయ్యానికి బరువుంటుందా, ఉంటే ఎన్ని కిలోలు, లేకపోతే నేల మీద ఎలా నిలబడుతుంది అని అడిగి, పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళ చేత విస్తరి మార్పించిన చరిత్ర నాకుంది.

కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోవద్దు. ఇందులో తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. జరిగిందంతా పట్టపగలు, చాలావరకు డాక్టర్ల సమక్షంలో జరిగింది. ఇందులో ముఖ్యపాత్ర మా మావగారి పెద్దపేగు. అంతకంటే నమ్మదగిన సాక్షిని నేను తేలేను.

మా మావగారు వీర్రాజుగారిది ముక్తేశ్వరం వైపు పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఓసారి ఊపి, వేలితో తట్టి, లోపల నీరెంత, కొబ్బరి ఎంత, కుళ్ళుందా లేదా చెప్పేసేవారు.

“పగలగొట్టి చెప్పడానికి యాపారస్తుడెందుకండీ? కోతి చాలదూ?” అనేవారు.

మనుషుల వైద్యం గురించి కూడా ఆయన అభిప్రాయం ఇదే. పైనుంచి చూసి చెప్పినవాడే డాక్టరు. లోపలికి చెయ్యిగాని, కత్తిగాని, గొట్టంగాని పెట్టినవాడు చేతకానివాడు. ఈ అభిప్రాయమే తర్వాత ఆయన ప్రాణం మీదకి తెచ్చింది.

తొంభైల్లో, నాకు పెళ్ళయిన కొత్తలో, ఆయనకి కడుపునొప్పి పట్టుకుంది. మందులకి లొంగకపోతే కాకినాడలో ఒక ఎక్స్‌రే డాక్టరు దగ్గరికి పంపించారు. అప్పట్లో పెద్దపేగుని చూడాలంటే బేరియం ఎక్స్‌రే తీసేవారు. సున్నంనీళ్ళలా ఉండే మందుని కిందనుంచి పేగులోకి ఎక్కించి, మనిషిని బల్ల మీద అటూ ఇటూ దొర్లించి ఫొటోలు తీస్తారు. మందు వెళ్ళిన మేరకి పేగు ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. ఎక్కించేవాళ్ళకి ఇది చాలా తేలికైన పరీక్ష.

కొత్త అల్లుణ్ణి కదా అని నన్ను తోడు పంపించారు. అత్తారింటి మర్యాదల్లో ఇది కూడా ఒకటని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కోటిపల్లి రేవులో పంటు ఎక్కాం. అప్పటికింకా మాకు వంతెన లేదు. మనుషులూ జీపులూ మేకలూ అన్నీ ఆ పంటు మీదే గోదావరి దాటేవి. నది మధ్యకి వచ్చేసరికి మావగారు కమ్మీ గట్టిగా పట్టుకుని, నుదుట చెమటతో నా వైపు తిరిగారు.

“ఏమండీ లెచ్చరరుగారూ, ఇవాళ పంటు మరీ ఇంత నెమ్మదిగా నడుస్తుందేంటండీ?”

పంటు రోజూలాగే నడుస్తోంది.

పేగులో ఏమీ లేదని తేలింది. నొప్పికి కారణం ఆవకాయ కావచ్చన్నారు డాక్టరుగారు. మావగారు ఆ డాక్టరుగారి మీద గౌరవం తగ్గించుకున్నారు గాని, ఆవకాయ తగ్గించలేదు. నొప్పి దానంతటదే పోయింది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆస్పత్రికి వెళ్ళొచ్చిన మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీతోపాటు ఎక్స్‌రే కూడా చూపించాలి. చూపించకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. మావగారి ఎక్స్‌రేలన్నింటిలోకీ పెద్దది, పేగు మొత్తం పడ్డది ఒకటి ఉంది. దాన్ని బట్టలారేసే క్లిప్పులతో అరుగు మీది కిటికీ ఊచలకి తగిలించారు. వెనకనుంచి ఎండ పడి పేగు ధగధగలాడిపోయేది.

ఊరు ఊరంతా వచ్చి చూసింది.

“కడిగి ఆరేసినట్టుందండీ, ఎంత శుభ్రం!” అన్నారు ఒకరు.

“పాతికేళ్ళ కుర్రోడి పేగండీ ఇది,” అన్నారు ఇంకొకరు. ఆయన పాతికేళ్ళ కుర్రాళ్ళ పేగులు ఎన్ని చూశారో నేను అడగలేదు.

“మా ఆయన్ని కూడా పంపుతానమ్మా. ఇంత బాగా వస్తుందంటావా?” అని పక్కింటావిడ మా అత్తగారిని అడిగింది.

మా అత్తగారి పేరు నాగమణి. మాటలు తక్కువ. వచ్చినవాళ్ళందరికీ కాఫీలిచ్చి, వాళ్ళ పొగడ్తలన్నీ వింటూ గుమ్మంలో నిలబడేవారు. రోజు గడుస్తున్నకొద్దీ ఆవిడ ముఖంలో బెంగ పెరిగింది. సాయంత్రం అందరూ వెళ్ళాక లోపలినుంచి కాటుక భరిణె తెచ్చి, వేలికొసతో కాస్త తీసి, ఫిల్ము మీద గుండ్రంగా ఒక చుక్క పెట్టారు.

భర్త పేగుకి దిష్టిచుక్క.

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ కూడా కొంచెం నవ్వారు గాని, చెయ్యాల్సిన పని చేసిన నిదానం ఆ నవ్వులో ఉంది.

“ఇంతమంది కళ్ళు పడ్డాయి కదు బాబూ,” అన్నారు.

“అది సరేనండీ అత్తయ్యగారూ, అక్కడే పెట్టేరేం?”

“అక్కడ బుగ్గలా ఉందండీ,” అన్నారు.

నిజమే. ఆ చోటు చెప్పాలి, ముందుకి అవసరం. పెద్దపేగు మనిషికి కుడివైపు కిందనుంచి పైకి వెళ్ళి, కాలేయం దగ్గర మలుపు తిరిగి అడ్డంగా సాగుతుంది. ఫిల్ముని ఎదురుగా పెట్టుకుని చూస్తే మనకి ఎడమచేతి వైపు పైన కనిపిస్తుంది ఆ మలుపు. కాస్త ఉబ్బి, పసివాడి బుగ్గలానే ఉంది. చుక్క సరిగ్గా దాని మీద పడింది.

ఆ కాటుక గురించి కూడా ఒక మాట. అది కొన్నది కాదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మసి పట్టి, దాంట్లో నెయ్యీ కాస్త కర్పూరం పొడీ కలిపి ఆవిడే చేసుకునేవారు. ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ అదే. దగ్గరకెళితే కర్పూరం వాసన వచ్చేది.

తర్వాత కొన్నాళ్ళకి సెలవుల్లో నేను అక్కడ ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. ఊళ్ళో తలుపులన్నీ మూసేశారు. అత్తగారు ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి లోపల కూర్చున్నారు. నేను సైన్సు మనిషిని కాబట్టి బయటికి వెళ్ళి చూడాలి. చూడ్డానికి నల్ల ఫిల్ము కావాలి. ఇంట్లో ఉన్నది మావగారి పేగొక్కటే.

ఫిల్ము తెప్పించి చూస్తే దిష్టిచుక్క చుట్టూ మసి కొంచెం పాకి ఉంది. గెడ్డం గీసుకున్నాక రాసుకునే నా లోషను దూదిమీద వేసి, ఆ చుక్కని శుభ్రంగా తుడిచేశాను. మరక కూడా మిగల్లేదు. ఇది నాకు బాగా గుర్తు. ఎందుకంటే తుడిచాక ఫిల్ముని వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పి మరీ చూశాను.

“చెరిపేసేరా బాబూ?” అన్నారు అత్తగారు లోపలినుంచే.

“ఆయనకిప్పుడు బాగానే ఉందిగా అండీ.”

“పోన్లెండి. అవసరమైతే మళ్ళీ పెట్టొచ్చు,” అన్నారు.

మావగారు, నేను పెరట్లో నిలబడి ఆ ఫిల్ము అంచునున్న నల్లటి భాగంలోంచి సూర్యుణ్ణి చూశాం. అలా చూస్తే కళ్ళు పాడవుతాయని, ఎక్స్‌రే ఫిల్ము అందుకు పనికిరాదని తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం కొరికిన అప్పడంలా సూర్యుడు, పక్కనే మావగారి పేగు, రెండూ కనిపించాయి.

“నా కడుపులోంచి సూర్యుణ్ణి చూసేనండోయ్,” అని ఆయన ఆ తర్వాత చాలాకాలం అందరికీ చెప్పుకున్నారు.

గ్రహణం వదిలాక అత్తగారు తలస్నానం చేసి వచ్చి, ఫిల్ముని ఖాకీ కవర్లో పెట్టి, బీరువాలో తన చీరల మధ్య దాచారు. నాకు తెలిసినంతవరకు ఆ ఫిల్ము మళ్ళీ బయటికి రాలేదు. ఎక్స్‌రే కొత్తగా ఉన్నన్నాళ్ళే చూస్తారు మనుషులు. పెళ్ళి ఆల్బం లాంటిదే.

రెండువేల సంవత్సరం దాటాక అత్తగారు పోయారు. గుండె. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, వంట ముగించి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళి పోయారు. ఆవిడ తర్వాత ఆ ఇంట్లో కాటుక పట్టినవాళ్ళు లేరు. మా ఆవిడ వాడేది ఫ్యాన్సీ షాపు పెన్సిలు. అత్తగారి బీరువా తాళంచెవి మావగారు తన మొలతాడుకి కట్టుకున్నారు. చీరలు ఎవరికీ ఇవ్వలేదు, బీరువా తెరవనూ లేదు. ఇవ్వమని అడగడానికి మాకెవరికీ నోరు రాలేదు.

మరి కొన్నేళ్ళకి మావగారు పాలిపోవడం మొదలెట్టారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అమలాపురంలో డాక్టరుగారు రక్తం చూసి, ఒంట్లో సగమే ఉంది, మిగతా సగం ఎక్కడికో పోతోంది అన్నారు. పేగులోంచి పోతోందని ఆయన అనుమానం. చివర కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి చూడాలన్నారు.

మావగారు కుర్చీలోంచి లేచారు.

“గొట్టం పడదండీ.”

“నొప్పి తెలియకుండా మత్తిస్తారండీ వీర్రాజుగారూ.”

“మత్తులో అయితే మరీ పడదండీ.”

నేను చెప్పి చూశాను. మా ఆవిడ ఏడ్చి చూసింది. ఆయన చలించలేదు. చివరికి డాక్టరుగారే విసిగి, కాకినాడలో కొత్తరకం స్కాను ఒకటి వచ్చింది, సి.టి. స్కానే, గొట్టంతో లోపలికి వెళ్ళకుండా బయటనుంచే పేగు లోపలంతా కంప్యూటర్లో చూపిస్తుంది, అది గొట్టమంత నమ్మకం కాదుగాని అసలు లేనిదానికంటే నయం అన్నారు.

మావగారి ముఖం వెలిగింది. “అదండీ వైద్యం అంటే. కాయ పగలకూడదు.”

అక్కడే ఒక ఒప్పందం జరిగింది. స్కానులో ఏదైనా కనపడితే ఆయన గొట్టానికి ఒప్పుకోవాలి. ఏమీ లేకపోతే మేమెవరం మళ్ళీ గొట్టం మాట ఎత్తకూడదు. రక్తానికి మాత్రలు మింగుతూ కూర్చుంటారు.

“అల్లుడుగారు సాక్షండీ,” అన్నారు.

“ఆయ్,” అన్నాను. అంటే, స్కాను గనక పొరపాటున బాగుందని చెబితే, ఉన్న జబ్బు లోపలే పెరుగుతుందన్నమాట. డాక్టరుగారు గుమ్మం దగ్గర నన్ను ఆపి ఇదే మాట చెప్పి, పాతవి ఏమైనా ఎక్స్‌రేలుంటే పట్టుకెళ్ళమన్నారు.

స్కానుకి ముందురోజంతా ద్రవపదార్థాలే తీసుకోవాలి. పేగు ఖాళీ కావడానికి విరేచనాల మందు. మజ్జిగ పైతేట, కాఫీ డికాక్షను, కొబ్బరినీళ్ళు పర్వాలేదన్నారు. కొబ్బరినీళ్ళు పర్వాలేదని కొబ్బరి వ్యాపారికి చెప్పడంలో ఉన్న ప్రమాదం అప్పుడు ఎవరికీ తట్టలేదు.

స్కాను రోజు ఉదయం నేను కారు మాట్లాడుకుని వెళ్ళాను. నా కళ్ళముందే ఆయన బీరువా తెరిచారు. చీరల మధ్యనుంచి ఖాకీ కవరు తీసి, విప్పకుండా నా చేతికిచ్చారు. బీరువాలోంచి కలరా ఉండల వాసన వచ్చింది. ఆయన తలుపు మూసి, చేతిని దాని మీద కాసేపు ఉంచి, తాళం వేశారు. కాకినాడ వరకు కవరు నా ఒళ్ళోనే ఉంది.

ఈసారి పంటు లేదు. యానాం దగ్గర వంతెన పడింది. మావగారు కిటికీలోంచి నది చూస్తూ, “అప్పుడు ఉండాల్సిందండీ ఈ వంతెన,” అన్నారు. ఏ రోజు గుర్తొచ్చిందో నాకు తెలుసు.

స్కాను చూసేది ఒక డాక్టరమ్మగారు. చిన్నవయసు, చురుకైన మనిషి. గొట్టం లేని పరీక్షలో కూడా గాలి ఎక్కించడానికి వేలెడు గొట్టం ఒకటి ఉంటుందని అప్పుడు తెలిసింది. మావగారు నా వైపు చూసిన చూపు మామూలుది కాదు. అయినా ఒప్పుకున్నారు. గాలితో పొట్ట ఉబ్బాక, బల్ల మీద పడుకుని వేలితో తట్టుకున్నారు.

“ముదిరిందండీ కాయ,” అన్నారు.

వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తీశారు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టారు. తర్వాత ఆయన్ని గోడవారన కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను తెర ముందుకి రానిచ్చారు. కంప్యూటరు తెర మీద పేగు లోపలి దారి గులాబీరంగు గుహలా తిరుగుతూ పోతోంది. తూములోంచి పడవ మీద పోతున్నట్టుంది. మావగారి పేగుని ఇంత దగ్గరగా చూడ్డం నాకిది రెండోసారి. ఇంత అదృష్టం ఎంతమంది అల్లుళ్ళకి దక్కుతుంది?

దారిలో అక్కడక్కడా చిన్నచిన్న ఉండలు.

“పెద్దాయనా, నిన్న ఏం తిన్నారు?” అని అడిగారు డాక్టరమ్మగారు.

“ఏవీ తిన్లేదమ్మా. కొబ్బరినీళ్ళు తాగేనంతే.”

“నీళ్ళేనా?”

మావగారు కాసేపు గోడ చూశారు. “అడుగున లేత మీగడ ఉంటాది కదమ్మా. గీక్కుని తిన్నాను. అది కూడా నీరేనమ్మా, ఇంకా గట్టిపడలేదంతే.”

డాక్టరమ్మగారు నవ్వేశారు. ఇంతకాలంలో ఈ జవాబు మొదటిసారి వింటున్నానన్నారు. ఉండల్ని ఒక్కొక్కటే చూసి, వెల్లకిలా ఉన్నప్పుడు ఒకచోట, బోర్లా పడుకున్నప్పుడు ఇంకోచోట ఉన్నాయని నాకు చూపించారు. పేగుకి పుట్టిన గడ్డ కదలదు, తిన్నది కదులుతుంది, అదీ తేడా అన్నారు. కొన్నిచోట్ల నీళ్ళు నిలిచి సరిగా కనపడలేదు గాని, మొత్తానికి అంతా కొబ్బరే అనిపిస్తోందని, పెద్దగా ఏమీ లేదని రిపోర్టు రాయిస్తానని చెప్పారు.

మావగారు కుర్చీలోంచి నా వైపు చూసి, సాక్షికి సైగ చేశారు.

నాకు సంతోషం వేయలేదు. సగం రక్తం ఎక్కడికి పోయిందో కొబ్బరి చెప్పదు. కానీ ఒప్పందం ఒప్పందం.

డాక్టరమ్మగారు లేవబోతూ, “పాతవేమైనా ఉన్నాయా?” అన్నారు. నేను కవరు ఇచ్చాను. ఆవిడ ఫిల్ము లాగి, గోడకున్న లైటుపెట్టెకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశారు.

“దీని మీద ఎవరు మార్కు చేశారు?”

కుడివైపు మలుపు మీద, ఆ బుగ్గ మీద, గుండ్రంగా నల్లటి చుక్క ఉంది.

గ్రహణం నాడు నేను తుడిచేసిన చోటే.

పాతకాలం ఎక్స్‌రే డాక్టర్లు అనుమానం ఉన్నచోట మైనం పెన్సిలుతో గుర్తు పెట్టేవారట. అలాంటిదే అనుకున్నారు డాక్టరమ్మగారు. దాన్ని వేలితో తాకారు. వేలికొస నల్లగా అయింది. “ఇదేంటి, పచ్చిగా ఉంది?” అని వేలు చూసుకుని, ఆ సంగతి అక్కడితో వదిలేసి, “ఎవరో పాత డాక్టరుగారికి అప్పుడే ఇక్కడ అనుమానం వచ్చినట్టుంది. ఒక్కసారి మళ్ళీ చూస్తాను,” అని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

ఆ మలుపు దగ్గరికి వెళ్ళారు. వెల్లకిలా తీసినదాంట్లో అక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి. బోర్లా తీసినదాంట్లో రెండుమూడు ఉండలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఆవిడ చాలాసేపు చూశారు. నవ్వు పోయింది. మావగారిని మళ్ళీ బల్ల ఎక్కించి, ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, ఇంకోసారి తీశారు.

కొబ్బరంతా జారిపోయింది. ఒక్కటి మాత్రం ఉన్నచోటే ఉంది.

“ఇది కొబ్బరి కాదండీ,” అన్నారు డాక్టరమ్మగారు నాతో, గొంతు తగ్గించి.

మావగారు బట్టలు సర్దుకుని లైటుపెట్టె దగ్గరికి వచ్చారు. ఆయన చూసింది కంప్యూటరు వైపు కాదు, ఫిల్ము వైపు. తర్వాత డాక్టరమ్మగారి వైపు తిరిగి, “ఆ వేలు ఓసారి ఇలా పెట్టమ్మా,” అన్నారు. అర్థంకాకపోయినా ఆవిడ వేలు చాపారు. ఆయన వంగి వాసన చూశారు.

నేనూ చూశాను. ఆయనకోసం కాదు, నాకోసం. కర్పూరం.

మావగారు కుర్చీలో కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. గొట్టం గురించి ఆయనతో ఎలా వాదించాలా అని నేను దారిపొడవునా తయారు చేసుకున్న మాటలు ఒక్కటి కూడా అక్కర్లేకపోయాయి.

“గొట్టం ఎప్పుడు ఏస్తారో అడగండి బాబూ,” అన్నారు.

ఆయన నన్ను బాబూ అనడం అదే మొదటిసారి. అది అత్తగారి పిలుపు.

గొట్టం వేశారు. గడ్డ అక్కడే ఉంది. ముక్క తీసి పంపితే చెడ్డదే అని తేలింది. కానీ ఇంకా పేగు గోడ దాటలేదు. ఆపరేషను చేసి పేగులో ఆ భాగం తీసేశారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే కోసి లాభం లేకపోయేదని సర్జను చెప్పారు. మావగారు కోలుకున్నారు. మళ్ళీ తోటల్లో తిరిగారు, మళ్ళీ కాయలు తట్టారు.

ఇప్పుడు నా వంతు. ఫిజిక్సు మనిషిని కాబట్టి, కారణాలు ఒక్కొక్కటే వెతికాను.

అత్తగారు గ్రహణం తర్వాత ఎప్పుడో మళ్ళీ చుక్క పెట్టి ఉండొచ్చు. ఇది అన్నింటికంటే సులువైన జవాబు. కానీ ఆ కాటుక ఆవిడ పోయిన ఇన్నేళ్ళకి కూడా వేలికి అంటుకునేంత పచ్చిగా ఎలా ఉంటుంది? దీనికి ఆ చుక్కే సాక్ష్యం ఇచ్చింది. డాక్టరమ్మగారి వేలికి అంటగా మిగిలిన సగం చుక్కని మావగారు తుడవనివ్వలేదు. ఫిల్ముని ఇంటికి తెచ్చి, కవర్లో పెట్టి, అదే బీరువాలో పెట్టారు. ఆ ఎండాకాలం దాటేసరికి చుక్క ఎండి, పొట్టులా రాలిపోయింది. మామూలు కాటుక ఎలా ఎండుతుందో అలాగే.

పైగా పచ్చి కాటుక కవరు లోపలివైపు అంటుకోవాలి. స్కాను సెంటర్లోనే కవరు చింపి విప్పి చూశాను. మసి లేదు.

మావగారే పెట్టారా? తాళం ఆయన దగ్గరే ఉంది. హాస్యగాడు కూడా. కానీ ఆ రోజు ఆయనకి కావలసింది ‘ఏమీ లేదు’ అనే రిపోర్టు. దాన్ని చెడగొట్టే చుక్క ఆయనెందుకు పెట్టుకుంటారు? ఎక్కడ జబ్బుందో ఆయనకెలా తెలుసు? అయినా ఒకసారి అడిగాను.

“నాకు కాటుక పట్టడం వచ్చేంటండీ?” అన్నారు. కోపం లేదు. అడుగుతానని ముందే తెలిసినట్టు చెప్పారు.

మా ఆవిడని అడిగాను. లోపలికెళ్ళి వాళ్ళమ్మ ఫొటో ముందు కాసేపు కూర్చుని వచ్చింది.

ఇక మిగిలింది చోటు. అత్తగారు మొదటిసారి చుక్క పెట్టినప్పుడు అక్కడ ఏమీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత గడ్డ అక్కడే పుట్టడం కాకతాళీయం కావచ్చు. పేగు పొడుగెంత, చుక్క వెడల్పెంత అని కాగితం మీద లెక్క కూడా వేశాను. అవకాశం తక్కువే గాని, అసాధ్యం కాదని తేలింది. అది నాకు ఏ ధైర్యమూ ఇవ్వలేదు.

ఇది జరిగిన తర్వాత కూడా నేను దయ్యాల్ని నమ్మలేదు. అత్తగారిని దయ్యం అనడానికి నాకు నోరు రాదు కూడా. ఏం జరిగిందని అడిగితే, తెలియదు అనే చెబుతాను. క్లాసులో ఈ మాట చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అలవాటు చేసుకున్నాను.

మావగారికి ఏడాదికోసారి పరీక్షకి వెళ్ళాలి. వెళ్ళే ముందు బీరువా తెరిచి, ఫిల్ము తీసి, కిటికీకి పెట్టి చూసుకునేవారు. “చుక్క లేదండీ, ఈయేడు ఫర్వాలేదు,” అని చెప్పి, అయినా కారెక్కేవారు. ఆయన ఎన్నడూ తప్పు చెప్పలేదు.

తర్వాత ఇంకో సూర్యగ్రహణం వచ్చింది. సెలవు పెట్టి వెళ్ళాను. మావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మొలతాడు తాళంచెవి మీద చెయ్యి వేశారు.

“ఫిల్ము తెమ్మంటారా లెచ్చరరుగారూ?”

“వద్దండీ. ఇదిగో, వెల్డింగు వాళ్ళు పెట్టుకునే నల్లద్దం కొన్నాను.”

“ఇంట్లో ఫిల్ముండగా ఎందుకండీ?”

“ఎక్స్‌రే ఫిల్ములోంచి చూస్తే కళ్ళు పోతాయండీ, మావయ్యగారూ. సైన్సు ప్రకారం అది తప్పు,” అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

“ఆయ్,” అన్నారు మావగారు. నమ్మినట్టు మాత్రం కనపడలేదు.